నేను చెప్పినా నమ్మద్దు

మొన్న కరెంటు బిల్లు కట్టబోతే కంప్యూటరు నన్ను మనిషివేనా అని అడిగింది. తొమ్మిది చిన్న బొమ్మలు చూపించి, వీటిలో ట్రాఫిక్ సిగ్నళ్ళు ఎక్కడున్నాయో నొక్కమంది. నొక్కుతూ పోయాను. చివరి గడిలో లైట్లు లేవు, వాటి కింది స్తంభం మాత్రం ఉంది. నొక్కాలా, మానాలా? వేలు గాలిలో ఉండగానే ఆయన గొంతు చెవిలో పడినట్టయింది. "స్తంభం లేకుంటె లైటు గాలిల నిలవడ్తదా చెల్లె?" ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వాను. మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, బిల్లు అంత తక్కువ వచ్చిందా అని అడిగాడు.

నా చెవిలో పడ్డ గొంతు మా పెద్దాయనది, దోహాలో పనిచేసేటప్పుడు మా టీముకు పెద్ద. ఎప్పుడూ స్తంభాలు నొక్కేవాడు. స్తంభాన్ని వదిలేయడం ఆయన దృష్టిలో అన్యాయం. కంప్యూటరు ఒప్పుకునేది కాదు. మళ్ళీ బొమ్మలు, ఈసారి బస్సులు. బస్సు అద్దంలో ఇంకో బస్సు నీడ పడితే అదీ బస్సే అనేవాడు. అలా పోరాడి పోరాడి అలిసిపోయి, "చెల్లె, నేను మనిషిని గాదట. జర నువ్వొచ్చి మనిషివి గా" అని నన్ను కేకేసేవాడు. నేను వెళ్ళి ఆయన బదులు మనిషినై వచ్చేదాన్ని. ఒక దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్లన్నింటికీ కాపలా ఉన్న పెద్దమనిషి ఆయన! ఈ సంగతి బయటికి పొక్కితే మా కంపెనీ పరువేం కావాలి?

ప్రపంచ కప్పు కోసం దోహా ముస్తాబవుతున్న రోజులవి. పొద్దున ఆఫీసుకు వెళ్ళిన రోడ్డు సాయంత్రం తిరిగొచ్చేసరికి ఉండేది కాదు. ఊరంతా క్రేన్లు, అడ్డుగా పెట్టిన ఎర్ర డ్రమ్ములు, దుమ్ము. అల్ హిలాల్‌లో ఒక విల్లా పై అంతస్తులో మా ఆఫీసు. కింద పళ్ళ డాక్టరు. ఆయన ఎవరి పన్నో తొలుస్తుంటే ఆ చప్పుడు మా నేలలోంచి కాళ్ళలోకి ఎక్కేది. అందరూ స్టేడియాలు కడుతున్న ఊళ్ళో, మేం కొద్దిమందిమి, ఎక్కువ తెలుగువాళ్ళమే, ఎక్కడో ఉన్న ఒక చిన్న దేశం వెబ్‌సైట్లను తెరల మీద చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆ దేశం పేరు బయట చెప్పబోమని సంతకాలు పెట్టాం. మాలో మేం 'చిన్నదేశం' అనేవాళ్ళం. పెద్ద కంపెనీలను పెట్టుకునే స్తోమత లేక మమ్మల్ని పెట్టుకుంది పాపం.

పని మా చేతికొచ్చేసరికి చిన్నదేశం వెబ్‌సైట్లు తలుపుల్లేని ఇళ్ళలా ఉన్నాయి. చేపల శాఖ వెబ్‌సైటులో ఎవరో దూరి, చేపల ధరలు ఉండాల్సిన చోట జుట్టు పెరిగే నూనె ప్రకటన పెట్టి చాలా నెలలైంది. ఎవరూ గమనించలేదు. చివరికి అది బయటపడింది ఎలాగంటే, ఆ శాఖ పెద్దాఫీసరే నూనె ఆర్డరిచ్చి, సీసా ఇంకా రాలేదని ఫిర్యాదు చేశాడు. ఆ ఫిర్యాదు చదివి మేం నవ్వుతుంటే ఆయన మాత్రం నవ్వలేదు. "పాపం, బట్టతల మనిషి" అన్నాడు, తన నెత్తి నిమురుకుంటూ.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నాది కాకినాడ. మొదట్లో ఆయన మాట నాకు, నా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది. వెబ్‌సైట్ల మీద దాడిచేసే వాళ్ళను ఆయన 'అల్లుళ్ళు' అనేవాడు. ఎందుకంటే వాళ్ళు పిలవకపోయినా వస్తారట, వస్తే మర్యాదలన్నీ కావాలంటారట, వెళ్ళేటప్పుడు ఏదో ఒకటి పట్టుకుపోతారట. తెర మీద ఎర్ర గీత లేస్తే చాలు, "అల్లుడొచ్చిండు, కాళ్ళకు నీళ్ళియ్యుండ్రి" అనేవాడు. నీళ్ళివ్వడమంటే అడ్డుకోమని. నేను చేరిన రోజే ఆ మాట అన్నాడు. నేను నిజంగానే లేచి నీళ్ళ సీసా తెచ్చి, అల్లుడెక్కడ అని చూశాను. ఆ కథ ఆఫీసులో నన్ను చాలాకాలం వదల్లేదు.

ఆయన భార్య సొంతూరి పక్కనే జూనియర్ కాలేజీలో లెక్చరర్. "నా గవర్నమెంటు నౌకరి ఇడిశిపెట్టి ఆ ఎండల నేనేం జేస్త?" అని ఆవిడ దోహాకు రాలేదు. ఊళ్ళో వాళ్ళందరికీ ఆయన దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. దుబాయ్‌లో ఏం పని అని అడిగితే, "కావలి కాస్త" అని చెప్పేవాడు. అబద్ధం కాదు కదా. ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. ఆఫీసుకు ఆలస్యమైతే ట్రాఫిక్ అని మేమందరం అంటాం. ఆయన మాత్రం మేనేజరు ఎదురుగా నిలబడి, నిద్ర ఎక్కువైందని చెప్పేవాడు. కావలి పని అని విన్న వాళ్ళ మేనమామ జాలిపడి, దోహాకు వస్తున్న ఎవరి చేతనో ఒక పెద్ద టార్చిలైటు పంపించాడు. ఆయన దాన్ని బల్ల మీద తెరల పక్కన నిలబెట్టుకున్నాడు. దాడి జోరుగా ఉన్న రోజుల్లో దాన్ని ఒకసారి వెలిగించి ఆర్పేవాడు. ఎందుకని అడిగితే, "మామకు మాటిచ్చిన" అనేవాడు.

ఫుట్‌బాలు గురించి ఊరంతా ఊగిపోతుంటే ఆయనకు మాత్రం గోల్‌కు కాపలా ఉండే ఒక్క గోలీ మీదే ప్రేమ. మా టీమును ఒకసారి కంపెనీ వాళ్ళు అల్ రయ్యాన్‌లో ఏదో మ్యాచికి తీసుకెళ్ళారు. బంతి అటు వైపు ఉంటే జనమంతా అటు చూస్తూ అరుస్తున్నారు. ఆయన మాత్రం ఇటు తిరిగి, ఖాళీగా నిలబడి చేతి తొడుగు సర్దుకుంటున్న గోలీని చూస్తున్నాడు. "సూడు చెల్లె, ఏం జేస్తలేడు. ఏం జేస్తలేడంటె అంత మంచిగున్నట్టు. గీ సంగతి మన మేనేజరుకెప్పుడు సమజైతదో" అన్నాడు. అటు గోల్ పడింది. ఈయన చూడలేదు. చూడనందుకు బాధా పడలేదు.

ఇక ఆయన అనుమానాల సంగతి. ఫోన్లో ఎవరు మాట్లాడినా వాళ్ళు వాళ్ళేనని ఆయన నమ్మడు. ఇంట్లోనూ ఇదే చట్టం. భార్య ఫోన్ చేస్తే ముందు, "నిన్న ఏం కూర?" అని అడగాలి. ఆవిడ సరిగ్గా చెబితేనే మాటలు. ఆ కూర పేరు ముందురోజు ఫోన్లోనే ఆవిడ ఆయనకు చెప్పి ఉంటుంది కాబట్టి, గొంతు మార్చి మాట్లాడే దొంగలకు అది తెలియదన్నమాట. కాకరకాయ, బీరకాయ, చింతచిగురు... ఏళ్ళ తరబడి ఆ ఇంటి వంట మాకందరికీ కంఠతా వచ్చింది. ఒకరోజు ఆవిడకు విసుగెత్తి, "నిన్న కూర మాడిపోయింది, నీ మొకం లెక్క" అంది. "కరెక్టు" అని ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు.

చిన్నదేశంలో మా తరఫున పని చూసేది అక్కడి విద్యాశాఖలో ఒక అమ్మాయి. తెలివైనదే, కానీ మెత్తనిది. ఆయన ఆమెకు పాఠం చెప్పే బాధ్యత నెత్తినేసుకున్నాడు. ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషులో. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఫోన్లో ఎవరు ఏం చెప్పినా నమ్మకూడదు" అనేవాడు.

"సరే సార్."

"మంత్రి చెప్పినా నమ్మకూడదు."

"సరే సార్."

"నేను చెప్పినా నమ్మకూడదు."

"మరి ఇప్పుడు మీరు చెబుతున్నది?"

"మంచి ప్రశ్న" అన్నాడు ఆయన.

ఆ తర్వాత పరీక్షలు పెట్టాడు. ఒకరోజు గొంతు లావు చేసి మంత్రిలా ఫోన్ చేసి పాస్‌వర్డు అడిగాడు. చెప్పేసింది. ఇంకోరోజు పోలీసాఫీసరులా చేశాడు. ఏడుస్తూ చెప్పేసింది. ఆ అమ్మాయిని ఎంత తిట్టాడో అంత బుజ్జగించాడు. చివరికి ఒకరోజు నిజమైన మంత్రిగారే ఏదో పనిమీద ఆమెకు ఫోన్ చేస్తే, "మీలాంటి దొంగల్ని చాలామందిని చూశాను" అని టక్కున పెట్టేసింది. ఆమె ఉద్యోగం పోయినంత పనైంది. మా ఆయన, అంటే మా టీము పెద్దాయన, ఆనందంతో ఆఫీసంతా తిరిగి, ఆమెకు మంచి ఖర్జూరాల డబ్బా ఒకటి పంపించాడు.

అయితే నిజంగా అవసరం పడి మేమే ఫోన్ చేస్తే ఎలా? అందుకు ఒక ఏర్పాటు చేశారు. మా పెద్దాయనకు ఒక ప్రశ్న, దానికో జవాబు ముందే ఆ అమ్మాయి దగ్గర పెట్టి ఉంచాలి. జవాబు చెబితేనే ఆమె నమ్మాలి. జవాబు మూడుసార్లు తప్పితే అరగంట దాకా ఫోన్ ఎత్తకూడదు. ఇలాంటి ప్రశ్నలకు ఎప్పుడూ నిజం చెప్పకూడదని ఆయన సిద్ధాంతం. చదివిన బడి, పుట్టిన ఊరు, నిజం చెబితే ఎవడైనా కనుక్కుంటాడు. అబద్ధమే పెట్టాలి. కానీ ఆయనకు అబద్ధం రాదు కదా! బడి పేరు మార్చి చెప్పమంటేనే చెవులు ఎర్రబడేవి. అందుకని ఆయన అబద్ధాలన్నీ ఆయన భార్య కల్పించి పెట్టేది. సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న, జవాబు కూడా ఆవిడకే అప్పజెప్పాడు. "ఏదన్న అబద్ధం పెట్టి పంపియ్యి. నాక్కూడ చెప్పకు. అక్కరొస్తె అడుగుత" అన్నాడట.

అక్కర రానే వచ్చింది.

చిన్నదేశంలో పదో తరగతి లాంటి పెద్ద పరీక్ష ఒకటుంది. అంతకు ముందు ఏడు ఫలితాల రోజున ఎవరో వెబ్‌సైటులో దూరి, అందరి పేర్ల పక్కనా 'ఫెయిల్' అని పెట్టేశారు. ఊళ్ళకు ఊళ్ళు ఏడ్చాయి. ఆ గొడవ తర్వాతే మమ్మల్ని పెట్టుకున్నది. ఈ ఏడు ఫలితాల రోజు బాగా గడవాలని మా అందరికీ ఉంది గానీ, ఆయన మాత్రం ఆ పిల్లలు తన ఇంట్లో పిల్లలే అన్నట్టు వారం ముందునుంచి సరిగా తినడం మానేశాడు.

ఆ రోజు పొద్దున నేనుండే అల్ దోహా అల్ జదీదాలో నన్ను వ్యాను ఎక్కించుకున్నప్పుడు మా డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. అతణ్ణి అందరం భాయ్ అంటాం. చిన్నదేశం మనిషే. పెళ్ళికా భాయ్ అని అడిగితే, హిందీలో చెప్పాడు, కూతురి ఫలితాలు ఇవాళేనని. పాసైతే ఆ పిల్ల వెంటనే మధ్యాహ్నం బస్సు పట్టుకుని పట్నం వెళ్ళి నర్సింగు కాలేజీలో పేరు రాయించుకోవాలట. మర్నాటికి సీట్లుండవట. ఊరికి అదొక్కటే బస్సు. పాసో కాదో తెలియకుండా అంత దూరం పంపలేరు.

"దేవుడి దయవల్ల పాసవుతుంది" అని నేనూ, "మేమున్నంగ నీకేం ఫికర్ భాయ్" అని ముందు సీట్లోంచి ఆయనా భరోసా ఇచ్చాం. ఆయన భరోసా మరీ ఘనంగా ఇచ్చాడు. వ్యాను దిగుతూ భాయ్ భుజం కూడా తట్టాడు.

ఫలితాలు పెట్టారు. ఆయన తెరల ముందు కుర్చీ వెనక్కి తన్ని, కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడ్డాడు. గోలీయే. కాసేపు అంతా బాగుంది. టార్చిలైటు ఒకసారి వెలిగించి ఆర్పాడు. ఇంతలో ఎర్ర గీత లేచింది. మామూలుగా లేవలేదు, తెర పైఅంచుకు తగిలేలా లేచింది.

"అల్లుడొచ్చిండు!"

ఎక్కడినుంచని చూశాం. ఏ దూరదేశం నుంచో అనుకుంటే, ఖతర్ నుంచి. మేమున్న ఊరినుంచే.

"అల్లుడు ఇంట్లనే ఉన్నడే!" అని ఆయన అదిరిపడ్డాడు. అదీ ఒక్కొక్క ఇంటర్నెట్ చిరునామా నుంచి వేలకు వేల తలుపు చప్పుళ్ళు. ఒకే ఇంట్లోంచి అంతమంది ఒక్కసారిగా తలుపు కొడితే ఎవరైనా ఏమనుకుంటారు? దాడే అనుకుంటారు. మేమూ అనుకున్నాం. ఆయన ఇంకో ఆలోచన లేకుండా ఖతర్ దేశం మొత్తానికి ఆ వెబ్‌సైట్లు మూసేశాడు. ఒక్క నొక్కు. గీత దబ్బున పడిపోయింది. మేం చప్పట్లు కొట్టాం. లెబనాన్ మనిషైన మా మేనేజరు గదిలోంచి వచ్చి, "యల్లా, శభాష్" అని టీ చెప్పాడు.

టీ ఇంకా రాలేదు, మా తెరలన్నీ తెల్లబోయాయి. ఒక్కటీ తెరుచుకోదు. అప్పుడు తెలిసింది. మేమున్నదీ ఖతర్‌లోనే కదా! ఊరికి తలుపేసి, తాళంచెవి ఊళ్ళోనే పెట్టుకున్నాం. పోనీ ఇంకో దేశంలోంచి ఎవరిచేతనైనా తీయిద్దామంటే, మా ఆఫీసు నుంచి తప్ప ఇంకెక్కణ్ణించీ దారి ఉండకూడదని మిగతా దారులన్నీ ఆయనే పట్టుబట్టి మూయించాడు.

సరిగ్గా అప్పుడే భాయ్ ఫోను చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"సార్, ఇప్పటిదాకా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు అసలు తెరుచుకోవడం లేదు."

"నువ్వెందుకు చూస్తున్నావు? అక్కడ అమ్మాయి చూసుకోదా?" అని నేనడిగాను.

వాళ్ళ ఊళ్ళలో నెట్ నిలవదట. ఫోను మాటలే గుట్టెక్కితే గానీ అందవట. ఇక్కడ పనివాళ్ళ క్యాంపుల్లో మాత్రం, వేలమందికి కలిపి ఒక్కటే అయినా, వైఫై ఉంటుంది. అందుకని ఫలితం ముందు ఇక్కడి నాన్నలు చూసి ఇంటికి ఫోన్ చేసి చెప్పడం వాళ్ళ ఆనవాయితీ. స్టేడియాల పనుల్లో ఉన్నవాళ్ళంతా ఆ పూట డ్యూటీ మార్చుకుని మరీ క్యాంపులో కూర్చున్నారట. "ఏడాదికి ఇదొక్క రోజే సార్ నా మాటకు ఇంట్లో ఎదురుచూసేది" అన్నాడు. కూతురు గుట్ట మీద, బస్సు గుట్ట కింద.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "అల్లుళ్ళు గాదు చెల్లె. మామలు" అన్నాడు. చిన్నదేశం చేపల ధరల దగ్గర్నుంచి మంత్రిగారి కుక్క పేరు దాకా మాకు తెలుసు. ఆ దేశపు నాన్నల్లో సగంమంది మా చుట్టూతానే ఉన్నారని, ఒకడు రోజూ మమ్మల్ని ఆఫీసులో దింపుతున్నాడని ఎవరికీ తట్టలేదు. నాకు ఆ క్షణాన నిజంగా సిగ్గేసింది.

ఇక మిగిలింది ఆ అమ్మాయి. అక్కడ లోపల కూర్చుని ఆమె ఒక్కతే మూత తీయగలదు. ఆయన ఫోన్ చేసి, ఆయాసపడుతూ సంగతంతా చెప్పాడు.

"మీరు మీరేనని నాకెలా తెలుస్తుంది?" అంది ఆ అమ్మాయి.

"శభాష్! అలాగే ఉండాలి!" అని ఆయన నోటినుంచి వచ్చేసింది. వెంటనే, "అయ్యో, కానీ నేనేనమ్మా" అన్నాడు.

"అందరూ అలాగే అంటారు సార్. ప్రశ్న అడుగుతాను. లోకంలో మీకు అందరికంటే ఇష్టమైన మనిషి ఎవరు?"

ఆయన ఫోన్ చేత్తో మూసి, ఇంకో ఫోనులో భార్యకు కొట్టాడు. ఎత్తదు. క్లాసులో ఉంది, ఫోను స్టాఫ్‌రూములో ఉంటుంది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. భాయ్ గోడ గడియారం వంక, ఆయన వంక మార్చి మార్చి చూస్తున్నాడు. అక్కడ బస్సుకు ఇంక గంటకు కాస్త పైన ఉంది.

"ఊహించి చెప్పండి" అన్నాను.

"అబద్ధమే పెట్టి ఉంటది గద చెల్లె. అంటె నాకస్సలు గిట్టనోని పేరుండాలె" అని ఆలోచించి, ఫోన్లో ఇంగ్లీషులో గట్టిగా, "నాకు లోకంలో అందరికంటే ఇష్టమైన మనిషి మా మేనేజరు" అని పేరు చెప్పాడు.

మేనేజరు వెనకే నిలబడి ఉన్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, "హబీబీ" అన్నాడు. ఆయన కళ్ళు తడిసినట్టు నాకనిపించింది.

"తప్పు" అంది ఆ అమ్మాయి.

మేనేజరు చెయ్యి దించేశాడు. తర్వాత ఇంటి ఓనరు పేరు చెప్పాడు, తప్పు. బామ్మర్ది పేరు చెప్పాడు, అదీ తప్పు. "క్షమించండి సార్, మూడుసార్లు అయింది. అరగంట ఆగి చేయండి" అని ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. తను నేర్పిన పాఠం ఒక్కటి కూడా తప్పకుండా పాటించినందుకు ఆయన ముఖంలో ఒక పక్క గర్వం, ఒక పక్క ఏడుపు. అలాంటి ముఖం నేను మళ్ళీ ఎవరి దగ్గరా చూడలేదు.

ఆ అరగంటసేపూ కింది అంతస్తులో డాక్టరు ఎవరి పన్నో తొలుస్తూనే ఉన్నాడు. భాయ్‌కి కూతురి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఏం చెప్పాలో తెలియక ఎత్తలేదు. ఎత్తకుండా ఆ ఫోనునే చూస్తూ కూర్చున్నాడు. ఆయన అది చూడలేక లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. వెనక్కొచ్చి, "భాయ్, తప్పు నాది. నీ బిడ్డకు సీటు పోతె నేను జన్మల మర్శిపోను" అని తెలుగులోనే అన్నాడు. భాయ్‌కి తెలుగు రాదు, అయినా తలూపాడు.

అప్పుడు ఆయన భార్య ఫోన్ చేసింది. తొందరలో ఆయన స్పీకరు నొక్కేశాడు.

"ఏమైంది? అన్నిసార్లు చేసినవ్?"

"నిన్న ఏం కూర?" అన్నాడు ఆయన. ఆ వేళ కూడా!

"నిన్న ఒక్కపొద్దుంటి. కూరెక్కడిది? సంగతేందో చెప్పు."

"చిన్నదేశపోల్లకు పంపిన జవాబేంది? ఇష్టమైన మనిషి ఎవలని ప్రశ్న... ఏం పెట్టినవ్?"

ఆవిడ గొంతు తగ్గించి, "పక్కన ఎవలన్న ఉన్నరా?" అంది.

"అందరున్నరు. ఒక పిల్ల బస్సు పోతున్నది, జల్ది చెప్పు!"

"నా పేరే పెట్టిన."

ఆవిడ పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. రాస్తే ఆయన ఊరుకోడు.

"నీ పేరా?"

"అబద్ధం పెట్టుమంటివి గద. నాకదే తోచింది, పెట్టిన."

ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అబద్ధమని ఎవలు చెప్పిండ్రు నీకు? అది నిజమేనాయె! నిజం పెట్టద్దని నెత్తి నోరు కొట్టుకోని చెప్పిన గద! ఎవడన్న దొంగోడు నా గురించి జర ఆరా తీస్తె అన్నిటికంటె ముందుగాల గదే తెలుస్తది!" అని ఆఫీసంతా దద్దరిల్లేలా అరిచాడు.

తనేమన్నాడో ఆయనకు తెలియలేదు. తప్పుడు పాస్‌వర్డు పెట్టినందుకు ఒక మనిషిని కోప్పడ్డాననే అనుకున్నాడు. అటువైపు ఆవిడకు మాత్రం తెలిసింది. "సరె, పని జూస్కో" అని మెల్లగా అని పెట్టేసింది. తెలుగు రాని మేనేజరు ఏమైందని నన్నడిగాడు. నాకు ఇంగ్లీషు రాలేదు.

అరగంట గడవగానే ఫోన్ చేసి ఆ పేరు చెప్పాడు. "సరైనది సార్" అంది ఆ అమ్మాయి, వెంటనే మూత తీసింది. భాయ్ వెబ్‌సైటులో కూతురి హాల్‌టికెట్ నంబరు కొట్టాడు. వేళ్ళు ఒకటి నొక్కబోతే ఇంకోటి పడుతుంటే నేను తీసుకుని కొట్టాను. పాసైంది. భాయ్ ఫోన్ చేసి వాళ్ళ భాషలో ఏదో ఒక్క ముక్క అరిచాడు. అటునుంచి ఒక కేక, ఆపైన రాళ్ళ మీద పరిగెడుతున్న చప్పుడు, ఊపిరి. ఫోను పెట్టకుండానే గుట్ట దిగుతోంది ఆ పిల్ల. బస్సు ఎక్కిందని తెలిసేదాకా మేమెవరం కూర్చోలేదు. తెర మీద ఎర్ర గీత మళ్ళీ పైఅంచుదాకా లేచింది. ఆయన దాని ముందు చేతులు కట్టుకుని నిలబడి, "రాండ్రి మామా, రాండ్రి" అంటూ క్యాంపులన్నింటినీ లోపలికి రానిచ్చాడు.

సాయంత్రం మేం సంచులు సర్దుకుంటుంటే ఆయన ఫోను మోగింది. స్పీకరు ఇంకా తీయలేదు, తీయాలని ఆయనకు తట్టలేదు.

"అందరు విన్నరు గద. మార్చాలె. ఈసారి ఎవల పేరు పెట్టుమంటవ్?" అంది ఆవిడ.

నలుగురి చెవిన పడ్డ పాస్‌వర్డును ఆయన ఒక్క గంట కూడా ఉంచేవాడు కాదు. తలెత్తి మావైపు చూశాడు. నేను సంచిలో లేని తాళంచెవి వెతకడం మొదలుపెట్టాను.

"ఉండనియ్యి" అన్నాడు. "ఎవడన్న కనుక్కుంటె కనుక్కోని."